ముడుతల సూదిమందు పెదవి పొక్కులను ఆపగలదా?

జ్వరము తగ్గిన మరునాడు పెదవి అంచున చిన్న చిన్న నీటిపొక్కులు గుత్తిగా లేచుట చాలమందికి అనుభవమే. లోపలి జ్వరము ఈ విధముగా బయటపడినదని కొందరు తలంతురు. కాని పొక్కులకు అసలు కారణము జ్వరము కాదు. హెర్పిస్ సింప్లెక్స్ మొదటి రకము అను వైరస్. 2016వ సంవత్సరపు అంచనా ప్రకారము ప్రపంచములో 50 ఏండ్ల లోపు వారిలో సుమారు 370 కోట్ల మంది శరీరములలో ఈ వైరస్ కలదు. వారిలో అనేకులకు పొక్కులే లేవవు. కొందరికి మాత్రము ఏడాదిలో పలుమారులు వచ్చి బాధించును. ఇట్టివారి కొరకు ఒక వింత ఆలోచన బయలుదేరినది. ముఖముపై ముడుతలు పోవుటకు ఇచ్చు బొటాక్స్ సూదిమందు ఈ పొక్కులను కూడ ఆపగలదా?

వైరస్ దాగు చోటు

ఈ వైరస్ సాధారణముగా బాల్యములోనే పెద్దల ముద్దుల ద్వారా, లాలాజలము ద్వారా సోకును. చర్మములో కొంత వృద్ధి పొందిన పిమ్మట స్పర్శను తెలుపు నాడీతంతువుల కొసలలో ప్రవేశించును. ఆ తంతువుల వెంట లోపలికి ప్రయాణించి, పుర్రె అడుగుభాగమున త్రిధారనాడికి చెందిన నాడీకణముల ముడిని చేరును. నాడుల వెంట ఇది ప్రయాణించునని అమెరికా శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ గుడ్‌పాస్చర్ 1923లో కుందేళ్లపై చేసిన ప్రయోగములను బట్టి తెలిపెను. 1970 తరువాత, మరణించినవారి నాడీకణముల ముడులనుండియే శాస్త్రజ్ఞులు ఈ వైరస్‌ను వెలికితీయగలిగిరి.

అక్కడ వైరస్ నిద్రించుచుండును. జ్వరము, తీవ్రమైన ఎండ, అలసట, మనోవ్యాకులత కలిగినప్పుడు మేల్కొని, వచ్చిన దారినే తిరిగి పెదవిని చేరును. అందుచేతనే పొక్కులు ప్రతిసారి ఇంచుమించు ఒకే చోట లేచును. అవి లేచుటకు ముందు ఆ చోట చురుకు, దురద పుట్టును.

విషము మందైన కథ

ముడుతల సూదిమందు నిజమునకు ఒక భయంకర విషము. 1820 ప్రాంతమున జర్మనీలో పాడైన సాసేజీలు, అనగా ప్రేవులలో కూరిన మాంసము, తిని కొందరు కండరములు చచ్చుబడి మరణించుచుండిరి. జస్టినస్ కెర్నర్ అను వైద్యుడు ఈ వ్యాధిని వివరముగా వర్ణించి, దీనికి కారణమైన విషమును మిక్కిలి కొలదిగా వాడినచో మందుగా పనిచేయవచ్చునని ఊహించెను. 1895లో బెల్జియములో పాడైన పందిమాంసము తిని జబ్బుపడిన వారి విషయము పరిశీలించి, ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఈ విషమును తయారుచేయు బాక్టీరియమును వేరుచేసెను. గ్రాములో కోటవ వంతు రక్తములో కలిసిన ఒక మనిషి ప్రాణము పోవచ్చునని అంచనా.

ఇది పనిచేయు విధము చూడుడు. నాడి కొసలో రసాయనములతో నిండిన అతి సూక్ష్మమైన సంచులుండును. ఆ సంచులను పడవలనుకొన్నచో, స్నాప్-25 అను ప్రోటీను వాటిని రేవునకు కట్టు త్రాడు వంటిది. పడవ రేవునకు కట్టబడినప్పుడే సరకు దిగును. బొటులినము విషములోని ఏ రకము ఈ త్రాటిని తెంపివేయును. సరకు దిగదు; కండరమునకు ఆజ్ఞ అందదు; అది సడలి పైనున్న ముడుత పోవును. మూడు నాలుగు నెలలలో నాడి తిరిగి కోలుకొనును.

సాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన నేత్రవైద్యుడు ఆలన్ స్కాట్ ఈ విషముతో మెల్లకన్నును సరిచేయవచ్చునని 1980లో ప్రకటించెను. అమెరికాలో 1989లో మెల్లకన్నుకు, 2002లో కనుబొమల నడుమ ముడుతలకు, 2004లో చంకలలో మితిమీరిన చెమటకు, 2010లో దీర్ఘకాలపు పార్శ్వపు తలనొప్పికి దీని వాడుక ఆమోదింపబడెను.

ఆలోచనలోని బలము, బలహీనత

పెదవి పొక్కుల విషయమున ఆశకు రెండు ఆధారములున్నవి. మొదటిది నొప్పి. స్పర్శనాడుల కొసలనుండి వెలువడు కొన్ని రసాయనములు మంటను, వాపును పెంచును. ఈ విషము వాటిని కూడ అడ్డగించును. హెర్పిస్ కుటుంబమునకే చెందిన వేరొక వైరస్ వలన అక్కి వచ్చును. అక్కి మానిన తరువాత మిగులు తీవ్రమైన నొప్పికి ఈ సూదిమందు ఉపశమనము కలిగించినదని 2010లో చైనా వైద్యులు 60 మంది రోగులను పరిశీలించి ప్రకటించిరి.

రెండవది వైరస్ బయటపడు దారి. నాడి కొసనుండి వెలుపలికి వచ్చుటకు వైరస్ కూడ అట్టి సంచులనే వాడుకొనుచున్నట్లు 2009లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుల పరిశీలనలో కనబడినది. వారు ప్రయోగశాలలో పెంచిన నాడీకణములలో వైరస్ స్నాప్-25 ఉన్న చోటనే కానవచ్చినది. త్రాడు తెగినచో వైరస్ కూడ దిగలేదేమో యని ఊహ.

కాని అడ్డంకులు తక్కువైనవి కావు. ఈ విషము వైరస్‌ను చంపదు. కొన్ని వైరస్‌లు చర్మమును చేరినను అక్కడి కణములలో వేలకొలది పెరుగగలవు. చర్మకణములలో త్రాటి పని చేయునది స్నాప్-23 అను వేరొక ప్రోటీను. దానిని ఈ విషము తెంపదు. పెదవుల చుట్టునున్న కండరము సడలినచో ప, బ, మ అక్షరములు పలుకుట, నీరు పుక్కిలించుట కష్టమగును. పెదవికి తగిలిన దెబ్బ నిద్రించు వైరస్‌ను లేపవచ్చును గనుక, పెదవులపై లేసర్ చికిత్సకు ముందు వైద్యులు వైరస్ నిరోధకపు మాత్రలు ఇచ్చుట కూడ కలదు.

రుజువు ఎట్లు?

పెదవి పొక్కులు ఏ మందు లేకున్నను వారము పది దినములలో మానును. కనుక ఆ సమయములో ఏది పూసినను, ఏది పొడిచినను దాని వలననే మానినట్లు తోచును. సత్యము తెలియుటకు రోగులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు మందు, రెండవ జట్టుకు ఉప్పునీరు ఇవ్వవలెను. ఎవరికి ఏది ఇచ్చినదియు రోగికి గాని, పరీక్షించు వైద్యునికి గాని తెలియరాదు. చాలకాలము గమనించి, పొక్కులు ఎన్నిమారులు లేచినవో లెక్కింపవలెను. పెదవి పొక్కుల విషయమున ఈ సూదిమందు ఇట్టి పరీక్షలో నెగ్గి ఆమోదము పొందలేదు.

ఆ పరీక్షలో నెగ్గిన మందు వేరొకటి కలదు: అసైక్లోవిర్. దీనిని రూపొందించిన కృషిలో ప్రముఖురాలైన గెర్ట్రూడ్ ఎలియన్ 1988లో నోబెల్ బహుమతిని పంచుకొనెను. వైరస్‌కు చెందిన ఎంజైమే ఈ మందును చురుకుపరచును. కావున వైరస్ సోకిన కణములలోనే ఇది ముఖ్యముగా పనిచేయును. చురుకు పుట్టిన వెంటనే వైద్యుని సలహాతో వాడినచో పొక్కులు త్వరగా మానును. మాటిమాటికి వచ్చువారికి ప్రతిదినము ఇచ్చుట కూడ కలదు. అయితే నాడిలో దాగిన వైరస్‌ను ఇదియు తొలగింపలేదు.

పొక్కులున్నవారు పసిపిల్లలను ముద్దాడరాదు. నవజాతశిశువులకు ఈ వైరస్ ప్రాణాంతకము కావచ్చును. పొక్కును తాకిన చేతితో కన్ను నులుముకొనరాదు. కంటి నల్లగ్రుడ్డుపై పుండు పడి చూపు పోవచ్చును.

కెర్నర్ ఊహ స్కాట్ చేతిలో మందుగా మారుటకు 150 సంవత్సరములకు పైగా పట్టినది. పెదవి పొక్కులను గూర్చిన ఊహ కూడ రేపు నిజము కావచ్చును, కాకపోవచ్చును. అది తేలువరకు ముడుతల సూదిమందును నమ్ముకొని, పనిచేయు మందును విడుచుట తగదు.