చందమామ మీద మాయమైందనుకున్న గుంట

1866లో ఏథెన్స్ వేధశాల అధిపతి యూలియస్ ష్మిట్ ఖగోళ శాస్త్రజ్ఞులను ఉలిక్కిపడేలా చేశాడు. చంద్రుడి మీద లిన్నే అనే గుంట కనిపించడం లేదని, ఆ చోట తెల్లటి మచ్చ మాత్రమే ఉందని ప్రకటించాడు. అంతకుముందు చంద్రుడి పటాలు గీసిన లోర్‌మాన్, మేడ్లర్ దానిని లోతైన గుంటగా వర్ణించారు. ఏ మార్పూ లేని లోకం అనుకున్న చందమామ మీద ఏదో జరిగిందన్న మాట పుట్టింది. టెలిస్కోపులెన్నో అటు తిరిగాయి. వాదన చాలా ఏళ్లు సాగింది.

నిజానికి గుంట ఎక్కడికీ పోలేదు. చంద్రుడి చుట్టూ తిరిగిన నౌకలు దగ్గర నుంచి ఫొటోలు తీశాక సంగతి స్పష్టమైంది. లిన్నే వెడల్పు దాదాపు 2.2 కిలోమీటర్లే. దాని చుట్టూ పరుచుకున్న తెల్లటి పొడి మాత్రం అంతకంటే చాలా పెద్దది. మన దగ్గర నుంచి సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరం. ఎండ నిటారుగా పడితే నీడలుండవు, గుంట కనిపించదు, మచ్చ మిగులుతుంది. మారింది చంద్రుడు కాదు, వెలుగు పడే తీరు, చూసే పరికరం.

గుంటలో ఏమేం ఉంటాయి?

సెకనుకు అనేక కిలోమీటర్ల వేగంతో రాయి వచ్చి తగిలితే అది పేలుడుతో సమానం. రాయి చాలావరకు ముక్కలై, ఆవిరై పోతుంది. పేలుడు అన్ని వైపులకూ తన్నుతుంది కనుక రాయి కాస్త ఏటవాలుగా వచ్చినా గుంట గుండ్రంగానే ఏర్పడుతుంది. చిన్న గుంటల లోతు వెడల్పులో దాదాపు అయిదో వంతు. అంచు చుట్టూ గట్టులా లేస్తుంది. వెడల్పు సుమారు 20 కిలోమీటర్లు దాటితే గోడలు మెట్లు మెట్లుగా జారి, మధ్యలో కొండ లేస్తుంది. లిన్నే లాంటి చిన్నవాటిలో అవేవీ ఉండవు.

గట్టుకు ఇంకో విశేషం ఉంది. బావి తవ్వేటప్పుడు పైమట్టి ముందు బయటపడి కుప్ప అడుగున ఉంటుంది, లోతు మట్టి చివర వచ్చి పైన పడుతుంది. గుంట అంచు మీద కూడా పొరలు అలాగే తలకిందులవుతాయి. అందుకే బోరు వేయకుండానే లోతు రాయి అంచున దొరుకుతుంది. 1971లో అపోలో 14 యాత్రికులు షెపర్డ్, మిచెల్ కోన్ గుంట అంచు కోసం ఏటవాలు ఎక్కింది ఆ రాళ్ల కోసమే. అంచుకు చాలా దగ్గర దాకా వెళ్లి, అంచు ఎక్కడుందో తెలియక వెనుదిరిగారు. కానీ వారు తెచ్చిన రాళ్లు ఆ గుంట విసిరినవే.

మనకు దగ్గర్లోనే

మహారాష్ట్రలోని పాఠశాలలకు ఒక అదృష్టం ఉంది. బుల్‌ఢానా జిల్లాలోని లోణార్ గుంట వెడల్పు సుమారు 1.8 కిలోమీటర్లు, అంటే లిన్నే కంటే కొంచెం చిన్నది. చంద్రుడి నల్లటి మైదానాల లాగే అది కూడా లావా గడ్డకట్టిన బసాల్టు రాతిలో ఏర్పడింది. భూమి మీద అలాంటివి చాలా అరుదు. అయితే ఇక్కడ వాన, గాలి, చెట్లు ఉన్నాయి. గట్టు అరిగింది, అడుగున ఉప్పునీటి చెరువు నిలిచింది. చంద్రుడి మీద గాలీ నీరూ లేవు కనుక లిన్నే పదును ఇంకా పోలేదు.

ఒక పళ్లెంలో నాలుగు వేళ్ల మందాన ఇసుక పోసి, పైన పలుచగా ముగ్గుపిండి, దాని మీద పసుపు చల్లండి. మనిషి ఎత్తు నుంచి గోలీ వదలండి. అంచు, చెదిరిన పొడి, పైకి వచ్చిన ఇసుక కనిపిస్తాయి. వెడల్పు, లోతు స్కేలుతో కొలిచి రాసుకోండి. తర్వాత చీకటి గదిలో టార్చి వెలుగును ముందు పక్క నుంచి, ఆపై నిటారుగా వేసి చూడండి. ష్మిట్ ఎందుకు పొరబడ్డాడో పిల్లలే చెప్తారు.