గుడుంబా

గుడుంబా అనగా బెల్లపు పానకాన్ని పులియబెట్టి, బట్టీపై కాచి తీసే సారాయి. ఈ పేరు తెలంగాణలో వాడుకలో ఉన్నది. కోస్తా జిల్లాలలో దీనిని నాటుసారా అంటారు. ఇప్పపూలతో తీసే ఇప్పసారా దీనికి భిన్నమైనది. చెరకు విస్తారంగా పండిన నిజామాబాదు, బోధన్, కామారెడ్డి ప్రాంతాలలో దీనికి ముడిసరుకు కొరత ఉండేది కాదు.

తయారీ

బెల్లాన్ని నీటిలో కరిగించి కుండలలో గాని, డ్రమ్ములలో గాని కొన్ని రోజులు మూసి ఉంచుతారు. ఘాటు కొరకు తుమ్మచెక్క, పులియుట త్వరపడుటకు నవసాగరం, తేటపడుటకు పటిక వేస్తారు. ఈస్ట్ అనే సూక్ష్మజీవి చక్కెరను ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మారుస్తుంది. ఇంతవరకు ఇది బీరు తయారీ వంటిదే. అమెరికాలో గుమ్మడికాయ, దాల్చినచెక్క, జాజికాయ వేసి ఇంటివద్ద బీరు చేసుకొనేవారి పని ఇక్కడితో ముగుస్తుంది. 1978లో చేసిన చట్టం వలన అక్కడ ఇంటి వాడకానికి బీరు చేసుకొనుట నేరం కాదు. సారాయి కాచుట మాత్రం అక్కడ కూడా నేరమే. మన రాష్ట్రాలలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం ఏ విధంగా తయారుచేసినా శిక్షార్హం.

ఆల్కహాలు సుమారు 78 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. నీటికంటె ముందుగా ఆవిరయ్యే ఈ ఆల్కహాలును చల్లార్చి పట్టినదే గుడుంబా. దాని గాఢత ఎంతో కాచినవానికే తెలియదు. తాగేవానికి తెలిసే అవకాశం అసలే లేదు.

ప్రమాదం

బెల్లం పులిసినపుడు మిథనాలు స్వల్పంగానే పుడుతుంది. సామూహిక మరణాలకు ఎక్కువగా కారణం మత్తు పెంచుటకు పరిశ్రమలలో వాడే మిథనాలును కలుపుట. అది శరీరంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటినరాన్ని దెబ్బతీస్తుంది. సారాయి తాగిన మరునాడు చూపు మసకబారినచో తెల్లవారేవరకు ఆగక ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

నిషేధం, బెల్లం రైతు

నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు 1992లో ప్రారంభించిన ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరు 1న సారాపై నిషేధం వచ్చినది. 1995లో విధించిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించినా, సారాపై నిషేధం కొనసాగినది. దుకాణపు మద్యం కొనలేని కూలీలకు గుడుంబాయే చవకగా మిగిలినది.

బట్టీలపై దాడులతోపాటు నల్లబెల్లంపై కూడా నిఘా పెరిగినది. అయితే రంగును బట్టి బెల్లాన్ని అనుమానించుట సరికాదు. హైడ్రోస్ వంటి రసాయనం వేయని బెల్లం సహజంగానే ముదురు రంగులో ఉంటుంది. 1937లో స్థాపించిన బోధన్ నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడినది. ఆ పరిధిలోని చెరకు రైతుకు బెల్లం గానుగ మరింత అవసరమైన కాలంలోనే ఆ బెల్లంపై అనుమానం కూడా ఉన్నది.