రసమట్టమే తప్పు చూపిస్తే

తాడిపత్రిలో ఇంటికి బండలు వేయించుకోవడం పెద్ద పనేం కాదు, ఊరి చుట్టూ పాలిష్ ఫ్యాక్టరీలే. మా వరండాలో బండలు పరిచిన రోజు మేస్త్రీ చివర్లో ఒక బకెట్ నీళ్లు కుమ్మరించాడు. వాకిలి వైపు పారాల్సిన నీళ్లు గోడమూలకు చేరి నిలిచిపోయాయి. మొదట బండలను అనుమానించాడు, మందంలో తేడా ఉందేమోనని. తర్వాత కింద పరిచిన ఇసుకను. మాలు కలిపిన కుర్రవాణ్ని కూడా రెండు మాటలన్నాడు. ఎందుకో ఆగి, చేతిలోని రసమట్టాన్ని బండ మీద పెట్టి బుడగ చూశాడు. అదే చోట మట్టాన్ని ఈ చివర ఆ చివరకు వచ్చేలా తిప్పి మళ్లీ చూశాడు. మట్టం మంచిదైతే బుడగ రెండుసార్లూ ఒకే వైపుకు పోవాలి. ఒకసారి గోడ వైపు పోయింది, ఇంకోసారి వాకిలి వైపు.

“మట్టమే చెడింది సార్,” అన్నాడు. కొత్తది కొనుక్కురావడానికి ఆ పూట తీరిక లేదు. అట్టముక్క ఒకటి మడిచి మట్టం ఒక చివర కింద టేపుతో అంటించి, బుడగ సరిగ్గా నిలిచాక, ఆ నాలుగు బండలూ పీకి మళ్లీ వేశాడు.

ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ రాసేవాళ్లకు ఇలాంటి రోజులు అప్పుడప్పుడూ వస్తుంటాయి. ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ, ప్రాసెసర్ ఎవరికి ఎంతసేపు, డిస్కు మీద ఏది ఎక్కడ అని పంచిపెట్టేది కెర్నెల్. మన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది లినక్స్ కెర్నెల్. దాన్ని ఎక్కువగా సీ భాషలో రాస్తారు. ఆ రాతను ప్రాసెసర్ పాటించే ఆదేశాలుగా మార్చేది కంపైలర్. జీసీసీ, క్లాంగ్ అనే రెండు కంపైలర్లు ఈ పనిలో ముఖ్యమైనవి. కంపైలర్ కూడా మనుషులు రాసిన ప్రోగ్రామే కాబట్టి దానిలోనూ తప్పులుంటాయి. 2011లో అమెరికాలోని యూటా యూనివర్సిటీ పరిశోధకులు యాదృచ్ఛికంగా పుట్టించిన ప్రోగ్రాములను రకరకాల కంపైలర్లకు తినిపించి 325కు పైగా బగ్స్ బయటపెట్టారు.

కంపైలర్ తానే కూలిపోయి, రాతను కెర్నెల్‌గా మార్చే బిల్డ్ ఆగిపోతే అది కాస్త మంచి జబ్బు, కళ్లకు కనిపిస్తుంది. అయినా అప్పుడే కంపైలర్‌ను తిట్టకూడదు. ఒక మే నెలలో నేను పాత కంప్యూటర్ మీద కెర్నెల్ బిల్డ్ పెడితే ఒకసారి ఒక ఫైలు దగ్గర, ఇంకోసారి ఇంకో ఫైలు దగ్గర ఆగిపోయింది. నిజంగా కంపైలర్ బగ్ అయితే ప్రతిసారీ ఒకే చోట ఆగాలి. చోటు మారుతోందంటే ముందు యంత్రాన్ని చూడాలి. మూత తీస్తే ఫ్యాన్ రెక్కల మధ్య బూడిదరంగు బండల పొడి దట్టంగా పట్టి ఉంది. దులిపాక వేడి తగ్గి బిల్డ్ పూర్తయింది.

అసలు భయపెట్టేది రెండో రకం. బిల్డ్ చక్కగా పూర్తవుతుంది, హెచ్చరిక ఒక్కటీ రాదు, కెర్నెల్ లేచి నడుస్తుంది. లోపల ఒకచోట మాత్రం మనం రాసిందొకటి, కంపైలర్ తయారుచేసిందొకటి.

2021 జనవరిలో తేలిన వ్యవహారం అలాంటిదే. ఆర్మ్ ప్రాసెసర్ల కెర్నెల్ పనిలో ఏళ్ల అనుభవమున్న రసెల్ కింగ్‌కు 64 బిట్ల ఆర్మ్ యంత్రాల మీద, ఫైళ్లను డిస్కులో సర్దే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ అప్పుడప్పుడూ చెక్‌సమ్ (డేటా చెడలేదని సరిచూసే లెక్క) తప్పిందని మొరపెట్టేది. రోజూ వచ్చే తప్పయితే పట్టుకోవచ్చు, ఎప్పుడో ఒకసారి వచ్చేదాన్ని పట్టుకోవడమే కష్టం. డిస్కు తప్పా, మెమరీ తప్పా, ఫైల్ సిస్టమ్ తప్పా? చివరికి దొరికిన దొంగ జీసీసీ 4.9.

ఏం జరిగిందో అర్థం కావాలంటే ఆర్టీసీ బస్సు ఎక్కాలి. కిటికీలోంచి తువ్వాలు వేస్తే ఆ సీటు మనది. స్టాక్ అనే మెమరీ భాగంలోనూ ఇదే పద్ధతి. ప్రోగ్రాములోని ఒక ముక్క, అంటే ఫంక్షన్, పని మొదలుపెట్టేముందు స్టాక్ పాయింటర్‌ను జరిపి “ఇంతవరకు నాది” అని తువ్వాలు వేస్తుంది, అందులో తన లెక్కలు దాచుకుంటుంది. దిగేటప్పుడు ముందు సంచీ తీసుకుని, ఆ తర్వాత తువ్వాలు తీయాలి. ఆదేశాలను అటూ ఇటూ మార్చి వేగం పెంచే పనిలో ఆ జీసీసీ ముందు తువ్వాలు తీసేసి, తర్వాత సంచీ కోసం చెయ్యి చాచింది. రెండింటి మధ్య వ్యవధి ఒకటి రెండు ఆదేశాలంత. నూటికి తొంభై తొమ్మిదిసార్లకన్నా ఎక్కువే ఏమీ కాదు. కానీ సరిగ్గా ఆ సందులో టైమరో డిస్కో “ముందు నా సంగతి చూడు” అని ఇంటరప్ట్ కొట్టిందనుకోండి, కెర్నెల్ ఆ ఖాళీ సీటులో తన సామాను పెట్టేస్తుంది. మొదటి ఫంక్షన్ తిరిగొచ్చి తనదనుకుని వేరేవాళ్ల సంచీ పట్టుకుపోతుంది.

మామూలు ప్రోగ్రాములకు ఇది చాలావరకు తగలదు. అవి నడుస్తుండగా ఇంటరప్ట్ వస్తే కెర్నెల్ తన సొంత స్టాక్‌కు మారిపోతుంది, ప్రోగ్రాము సీటు జోలికి పోదు. కెర్నెల్ పని మధ్యలో వచ్చే ఇంటరప్ట్ మాత్రం కెర్నెల్ స్టాక్ మీదే వచ్చి కూర్చుంటుంది. అందుకే వేల ప్రోగ్రాములను చక్కగా తయారుచేసే కంపైలర్ కూడా కెర్నెల్ దగ్గర పట్టుబడుతుంది.

విచిత్రమేమిటంటే ఈ బగ్ 2015లో వచ్చిన జీసీసీ 5.1లోనే పోయింది. పాత కంపైలర్ అప్పటికీ జనం దగ్గర ఉండిపోయింది, అంతే. కెర్నెల్ వాళ్లు చేసింది చిన్న మార్పు: 64 బిట్ల ఆర్మ్‌కు 5.1 కన్నా పాత జీసీసీతో బిల్డ్ పెడితే అక్కడే నిరాకరించేలా విల్ డీకన్ ఒక ప్యాచ్ పెట్టారు. చెడ్డ మట్టం తెచ్చినవాణ్ని గడప దగ్గరే ఆపేయడం అన్నమాట.

2014లో జరిగింది దీనికి తలకిందులు. 3.16 కెర్నెల్ తయారవుతుండగా, పనులను ప్రాసెసర్ కోర్ల మధ్య సర్దే లోడ్ బ్యాలెన్స్ ఫంక్షన్‌లో కెర్నెల్ కూలుతోందని మిషెల్ డెంజర్ అనే డెవలపర్ చెప్పారు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కూర్చుని కంపైలర్ తయారుచేసిన ఆదేశాలను చదివారు. జీసీసీ 4.9.0 ఈసారి తువ్వాలు వేయకముందే సీటులో సంచీ పెట్టేసింది! డీబగ్ సమాచారం ఉంచమన్నప్పుడే ఈ తేడా వచ్చేది. తప్పులు వెతకడానికి పెట్టుకున్న సదుపాయమే తప్పు పుట్టించింది. టోర్వాల్డ్స్ జీసీసీని తనదైన బాణీలో ఉతికేసి, డీబగ్ వేరియబుల్స్ జాడ పట్టే ఆ ఒక్క పనిని ఆపే సూచనను, బిల్డ్ ఎలా చేయాలో చెప్పే కెర్నెల్ మేక్‌ఫైల్‌లో చేర్చారు. అట్టముక్క అంటించారు.

ఇంత పెద్ద కోడ్‌లో చెడిన చోటు ఎలా దొరుకుతుంది? చీనీ తోటలో డ్రిప్ పైపు ఎక్కడో పూడుకుపోతే రైతు చివరిదాకా తవ్వుకుంటూ పోడు. మధ్యలో విప్పి చూస్తాడు. అక్కడిదాకా నీళ్లు వస్తే తప్పు అవతలి సగంలో. ఇదీ అంతే: సగం ఫైళ్లను పాత కంపైలర్‌తో, సగం కొత్తదానితో బిల్డ్ చేసి, రెంటినీ కలిపి నడిపిస్తారు. కూలితే కొత్తదానితో చేసిన సగాన్ని మళ్లీ సగం చేస్తారు. వెయ్యి ఫైళ్లయినా పది విడతల్లో ఒక ఫైలు మిగులుతుంది. అప్పుడు దాని ఆదేశాలను కళ్లతో చదవడమే. ఈ రోజుల్లో క్లాంగ్‌తోనూ కెర్నెల్ బిల్డ్ అవుతుంది కాబట్టి సరిచూసుకోవడానికి ఇంకో మట్టం ఉన్నట్టే. 

ఇలా వెతికితే చాలాసార్లు తప్పు మన రాతలోనే తేలుతుంది. కొన్నిసార్లు ఎవరి తప్పో కూడా తేలదు. 2009లో లినక్స్‌లోని టన్ అనే నెట్‌వర్క్ డ్రైవర్‌లో ఒక పాయింటర్‌ను (మెమరీలో చోటు చూపే చిరునామాను) వాడిన తర్వాత అది ఖాళీయా అని తనిఖీ చేశారు. వాడేశారు కదా, ఇక ఖాళీ కాదని తేల్చి జీసీసీ ఆ తనిఖీని తీసేసింది, దాంతో భద్రతకు గండి పడింది. సీ భాష నిబంధనల ప్రకారం జీసీసీది తప్పు కాదు. అయినా కెర్నెల్ వాళ్లు ఆ తెలివి తమ దగ్గర వద్దని కంపైలర్‌కు సూచన పెట్టుకున్నారు. నా మటుకు నాకు కెర్నెల్ వాళ్ల పక్షమే న్యాయం అనిపిస్తుంది. కాపలావాడు ఆలస్యంగా వచ్చాడని కాపలానే ఎత్తేస్తారా?

ఇక అట్టముక్కల సంగతి. అంటించడం తేలికే, పీకడానికే ఎవరికీ ధైర్యం చాలదు. 2014 నాటి ఆ సూచన బగ్ పోయాక కూడా కొత్త కంపైలర్లన్నిటికీ తగులుతూనే వచ్చింది, డీబగ్ సమాచారాన్ని పాడు చేస్తూ. 2020లో గానీ దాన్ని పాత జీసీసీలకే పరిమితం చేయలేదు. 2013లో ఇంకో జీసీసీ బగ్ కోసం, ఏ పనీ చేయని ఖాళీ అసెంబ్లీ (ప్రాసెసర్ ఆదేశాల భాష) వాక్యం ఒకటి కెర్నెల్‌లో చేర్చారు. అది ఉంటే కంపైలర్ అక్కడ ఆదేశాలను తారుమారు చేయకుండా ఆగుతుంది. 2024లో అదే కుటుంబానికి చెందిన మరో బగ్ కనబడితే మళ్లీ ఆ ఖాళీ వాక్యమే పనికొచ్చింది.

మీ దగ్గర లినక్స్ కంప్యూటర్ ఉంటే ప్రోక్ డైరెక్టరీలో వెర్షన్ అనే ఫైలు (/proc/version) తెరిచి చూడండి. ఒకటే వాక్యం ఉంటుంది. కెర్నెల్ నంబరు పక్కనే దాన్ని ఏ కంపైలర్‌తో, దాని ఏ వెర్షన్‌తో తయారుచేశారో రాసి ఉంటుంది.