ఒక చీరకు మూడు ఫోటోలు

చీర కంటె చీర ఫోటో ముందుగా ప్రయాణము చేయు కాలము వచ్చినది. ధర్మపురి జిల్లా మారండహళ్ళిలో మగ్గము నుండి దిగిన చీరను బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, సముద్రమునకు ఆవలి ఊరిలోనో ఉన్నవారు మొదట చూచునది ఫోను తెర మీదనే. వేళ్ళతో పట్టి నేత చూచు వీలు వారికి లేదు. మడత విప్పి వెలుతురులో చూపు అవకాశము మనకు లేదు. కాబట్టి ఆ ఫోటో మనము కొనువారికి ఇచ్చు మాటవంటిది. మాటలో తేడా వచ్చినచో చీర తిరిగివచ్చును. రానుపోను ఖర్చు మన మీద పడును. మరల ఆ ఇంటినుండి బేరము రాదు.

నిరుడు దీపావళికి ముందు మాకిదే జరిగినది. వంకాయ రంగు పట్టుచీర, రెండువైపుల జరీ అంచు. సున్నము కొట్టిన గోడ ముందు, ఎండలో, ఫోనుతో తీసి పంపితిమి. పండుగ దాటకముందే చీర తిరిగివచ్చినది. ఫోటోలో నల్లచీరకు వెండి అంచు కనబడెననియు, వచ్చినది వేరు చీర అనియు కొన్నవారు చెప్పిరి. ఫోటో తీసి చూడగా వారి మాట నిజమే. బాడీ నల్లగా మునిగిపోయినది, జరీ తెల్లబారిపోయినది. కొన్నవారిని తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు.

ఆ తరువాత మా పిల్లవాడొకడు కళాశాల సెలవులకు మిర్రర్‌లెస్ కెమెరా నొకదానిని అడిగి తెచ్చెను. దానితో వారము రోజులు పడిన పాట్లలో మేము నేర్చుకొన్నది తోటి నేతకుటుంబములకు ఉపయోగపడునని ఇక్కడ వ్రాయుచున్నాము.

కెమెరా పొరబడు చోటు

కెమెరాలో వెలుతురు కొలుచు మీటరు ఒకటి కలదు. అది ఎదుట ఉన్నదెల్లను సగటున మధ్యరకపు బూడిదరంగుగా తలచి లెక్క కట్టును. సేలము వెన్‌పట్టు పంచెను తెరనిండుగా చూపినచో, వెలుతురు ఎక్కువైనదని తలచి తగ్గించును. తెల్లని పంచె బూడిదరంగుకు దిగును. నల్లచీర చూపినచో వెలుతురు చాలలేదని పెంచును, నలుపు వెలిసినట్లగును. మా వంకాయ రంగు చీర వెనుక ఎండ పడిన తెల్లగోడ ఉండెను. మీటరు గోడను చూచి వెలుతురు తగ్గించినది, చీర నల్లబడినది. సూర్యునికి ఎదురైన జరీ మాత్రము అద్దమువలె మెరసి, ఎంత తగ్గించినను తెల్లగానే నిలిచినది.

పట్టు, జరీ ఒకే బట్టలో ఉన్నపుడు చిక్కు ఇదే. ముదురు రంగు పట్టు వెలుతురును మ్రింగును. జరీ దానిని తిరిగి కొట్టును. ఒక్క కొలతతో రెండింటికి న్యాయము చేయుట తరచు సాధ్యము కాదు.

అద్దకపువాని పద్ధతి

దీనికి కెమెరాలోనే ఒక ఉపాయము కలదు. దానిని ఎక్స్‌పోజర్ బ్రాకెటింగ్ అందురు. రంగు వేయువారికి ఇది క్రొత్త కాదు. క్రొత్త రంగు కలిపినపుడు ఒకే ముంపుతో నూలంతయు ముంచము. చిన్న చిలపలు మూడు తీసి, ఒకటి తక్కువసేపు, ఒకటి మధ్యగా, ఒకటి ఎక్కువసేపు ముంచి, ఆరిన తరువాత నమూనాతో పోల్చి చూతుము. కెమెరాయు అట్లే ఒకే చీరను కదలకుండ మూడుమార్లు తీయును: ఒకటి తన లెక్క ప్రకారము, ఒకటి దానిలో సగము వెలుతురుతో, ఒకటి దానికి రెట్టింపు వెలుతురుతో. సగమగుటను, రెట్టింపగుటను ఒక స్టాపు అందురు. తెరమీద వీనిని 0, -1, +1 అని చూపును. మీటరు 1/30 సెకను అని చెప్పినచో, -1 అనగా 1/60 సెకను. +1 అనగా 1/15 సెకను.

ఈ ఆలోచనకు వయస్సు తక్కువ కాదు. ఫ్రాన్సు దేశపు గుస్తావ్ లె గ్రే 1856-57 ప్రాంతమున సముద్రపు ఫోటోలు తీయుచు, ఆకాశమునకు ఒక నెగటివు, నీటికి ఒక నెగటివు వేరువేరుగా తీసి ఒకే కాగితముపై అచ్చువేసెను. ఆకాశమునకు సరిపడు వెలుతురు నీటికి సరిపడకపోవుటయే కారణము. మన జరీ, పట్టు తగవు అదియే.

ఆ రోజులలో బట్ట విషయమున ఫోటోతో సరిపెట్టుకొననివారును ఉండిరి. 1866లో జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అను స్కాట్లండు దేశీయుడు భారతదేశపు నేతబట్టల పుస్తకమును సిద్ధము చేసినపుడు, చిత్రములకు బదులు అసలు బట్టలనే ముక్కలుగా కత్తిరించి అంటించెను. 18 సంపుటములలో 700 నమూనాలు. ఆయన తలపెట్టినది ఇంగ్లండు మిల్లులవారికి మన నేత చూపుటకు. ఆ సంగతి వేరు. ముక్క పంపినవాని మాట నిలుచుననుట మాత్రము నేటికిని నిజమే.

మిర్రర్‌లెస్ వలన మేలు

పాత ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో లోపలి అద్దము మీద పడిన వెలుతురు కంటికి చేరును. ఫోటో ఎట్లు వచ్చునో తీసిన తరువాతనే తెలియును. 2008లో ప్యానసోనిక్ జి1తో మొదలైన మిర్రర్‌లెస్ కెమెరాలలో ఆ అద్దము లేదు. వెలుతురు నేరుగా సెన్సరు మీద పడి, ఫోటో రాబోవు తీరు ముందుగానే తెరమీద కనబడును. చాలా కెమెరాలలో తెల్లబారిపోవు చోట చారలు కదలునట్లు పెట్టుకొనవచ్చును. జరీ అంచు మీద ఆ చారలు పాకినచో అక్కడ నేత పోవుచున్నదని గుర్తు. నీడలో మునిగిన దారమును తరువాత కొంతవరకు పైకి తీయవచ్చును. పూర్తిగా తెల్లబారిన జరీలో పోగులను ఏ విద్యయు తిరిగి తేలేదు.

తీయు విధానము

1. చీరను కదలకుండ పరచవలెను, లేక కర్రకు వ్రేలాడదీయవలెను. ఫ్యాను ఆపవలెను. మూడు ఫోటోల మధ్య చెంగు కదలినచో కలిపినపుడు అంచు రెండుగా కనబడును. వెనుక తెల్లగోడ వలదు. బూడిదరంగు దుప్పటి మేలు.

2. కెమెరాను స్టాండు మీద నిలిపి, రెండు సెకనుల టైమరు పెట్టవలెను. మీట నొక్కు చేతి అదురు అప్పుడు ఫోటోకు తగలదు.

3. డయలును అపెర్చర్ ప్రయారిటీకి త్రిప్పి ఎఫ్ 8 వద్ద ఉంచవలెను. ఐ.ఎస్.ఓ. 100 వద్ద నిలుపవలెను, ఆటో వలదు. ఫ్లాష్ వలదు. అప్పుడు మూడు ఫోటోలలో మారునది షట్టరు కాలము మాత్రమే.

4. చీర పక్కన తెల్లకాగితము పెట్టి వైట్ బ్యాలెన్సును ఒకసారి కుదిర్చి స్థిరపరచవలెను. ఫోకసు కుదిరిన పిమ్మట దానిని కూడ మాన్యువలుకు మార్చవలెను.

5. సోనీ కెమెరాలలో డ్రైవ్ మోడ్‌లో బ్రాకెట్ అనియు, ఫ్యూజీఫిల్మ్‌లో బి.కె.టి. అనియు, కేనన్‌లో ఏ.ఈ.బి. అనియు ఉండును. మూడు ఫోటోలు, ఒక స్టాపు తేడా అని ఎన్నుకొనవలెను.

6. వీలున్నచో రా ఫైలుగా తీయవలెను.

మేము వారమురోజులకు గాని తెలిసికొనని సంగతి ఒకటి చెప్పవలసియున్నది. మీటరు ఎటు పొరబడునో మనకు ముందే తెలియును కదా! కాబట్టి మూడు ఫోటోల మధ్యస్థానమునే జరుపుకొనవలెను. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ చక్రమును ముదురు చీరకు -1 వద్ద ఉంచినచో 0, -1, -2 అను మూడు వచ్చును. తెల్లపంచెకు +1 వద్ద ఉంచినచో 0, +1, +2 వచ్చును. ఇట్లు చేయనిచో మూడింటిలో ఒకటి ఎందుకును పనికిరాదు.

కిటికీ వెలుతురు, దీపపు వెలుతురు

పుస్తకములలో ఉత్తరపు కిటికీ మేలని వ్రాయుదురు. అక్కడ ఎండ నేరుగా పడదని వారి భావము. అది చలిదేశముల మాట. మన ప్రాంతమున ఏప్రిల్ చివరినుండి ఆగస్టు మూడవ వారము వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరముగానే ఉండును. ఆ నెలలలో ఉత్తరపు కిటికీకి పలుచని తెల్లబట్ట కట్టవలెను. బట్టగుండా వచ్చిన వెలుతురులో జరీ అద్దమువలె మెరయదు, పోగు కనబడును.

రాత్రి దీపము క్రింద తీయువారు ఇంకొకటి గమనింపవలెను. మన కరెంటు 50 హెర్ట్జులది గనుక చాలా దీపములు సెకనుకు 100 మార్లు హెచ్చి తగ్గుచుండును. కంటికి తెలియదు గాని ఫోటోలో చారలు పడును. ఇందుకు మాన్యువల్ మోడ్‌లో షట్టరును 1/50 వద్ద ఉంచి, అపెర్చరును, ఐ.ఎస్.ఓ.ను దానికి తగినట్లు కుదిర్చి బ్రాకెటింగ్ చేయవలెను. చాలా కెమెరాలు 1/100, 1/50, 1/25 అను మూడు తీయును. ఈ మూడును దీపపు హెచ్చుతగ్గులకు సరిగా సరిపడును. ఎలక్ట్రానిక్ షట్టరు మాని మెకానికల్ షట్టరు వాడవలెను. కిటికీ వెలుతురును దీపముతో కలుపరాదు. ఒకే చీరకు రెండు రంగులు వచ్చును.

ఎన్నిక ఎవరిది?

తిరిగివచ్చిన ఆ వంకాయ రంగు చీరనే మరల తీసితిమి. కిటికీ వద్ద 1/15, 1/30, 1/60 సెకనులతో మూడు ఫోటోలు. పిల్లవాడు మొదటిదే బాగున్నదనెను. అది కాంతిగా ఉండెను. మా ఇంటి పెద్దావిడ మిగిలిన కండెను తెచ్చి తెరపక్కన పట్టి చూచి, "మొదటిది వెలిసిన చీర, నాయనా. మూడోది మాసిన చీర. నడిమిదే మనది" అనిరి. జరీ మాత్రము మూడవదానిలోనే పోగుపోగుగా ఉండెను. అప్పుడు బాడీని నడిమిదానినుండియు, అంచును మూడవదానినుండియు తీసికొని కలిపితిమి.

కలుపుటకు ఎన్‌ఫ్యూజ్ అను ఉచిత సాఫ్ట్‌వేర్ కలదు. 2007లో మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ అను ముగ్గురు ప్రకటించిన పద్ధతి దానికి ఆధారము. ప్రతి చోట ఏ ఫోటోలో వివరము బాగున్నదో దానికి ఎక్కువ పాలు ఇచ్చి కలుపును. నూలుచీరలకు, జరీ తక్కువగా ఉన్నవానికి కలుపుట అక్కరలేదు. మూడింటిలో సరియైనదానిని ఎన్నుకొన్న చాలును. నేటి ఫోనులు కూడ లోలోపల పలు ఫోటోలు తీసి కలుపుచున్నవి గాని ఎన్నిక వానిదే. కండె పట్టి చూచువారు అక్కడ లేరు.

బ్రాకెటింగు అన్నింటికి మందు కాదు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు నేసిన రెండుఛాయల చీర కోణమునుబట్టి మారును; దానిని రెండు కోణములనుండి తీసి రెండును పంపవలెను. సన్నని నేతమీద అలలవంటి చారలు కనబడినచో కెమెరాను కొంచెము ముందుకో వెనుకకో జరుపవలెను.

కడపటి మాట ఒకటి. కలుపు విద్య చేతికి వచ్చినపుడు ఆశ కూడ వచ్చును. నూలును పట్టువలె మెరపింపవచ్చును. రాగి జరీని వెండిమీద బంగారుపూత వేసిన జరీవలె చూపవచ్చును. ఆ ఫోటోకు బేరము త్వరగా కుదురును. చీర అంతకంటె త్వరగా తిరిగివచ్చును. తెరమీది చీర చేతిలోని చీరకు సరిపోవువరకే ఈ పని, అక్కడ ఆగవలెను.

ప్రతి ఇంటికి కెమెరా కొనవలెనని మేము చెప్పము. పది మగ్గములకు ఒకటి చాలును, వాడినదైనను పనికివచ్చును. ఆ వంకాయ రంగు చీర క్రొత్త ఫోటోతో వేరొకరికి వెళ్ళినది. సంక్రాంతికి వారు అదే రంగులో మరి రెండు నేయుమని కబురు పంపిరి. పడుగు ఇప్పుడు మగ్గము మీదనున్నది.