బలసాధనయు యువజనుల మేధాశక్తియు

కండలు పెంచువానికి చదువబ్బదను మాట మనలో చిరకాలముగా వినవచ్చుచున్నది. నేటి పరిశోధనలు దీనిని సమర్థింపవు. అట్లని బరువులెత్తిన ప్రతివాడును మేధావి యగునని కూడ అవి చెప్పవు. పర్లకోట, పాముల గౌతమి, ఇంద్రావతి నదులు కలియు భామ్రాగడ్ ప్రాంతమునను, తెలుగు మాటాడు సిరొంచ ప్రాంతమునను పోలీసు ఉద్యోగములు కోరు యువజనులు పరుగు, గుండు విసరుటలతో పాటు వ్రాతపరీక్షకును సిద్ధపడవలసియున్నది. కావున ఈ విషయము వారికి మిక్కిలి అక్కఱకు వచ్చునది.

2009లో చాంగ్, ఎట్నియర్ అను పరిశోధకులు 68 మంది యువజనులను పరీక్షించిరి. పదిమార్లకు మించి ఎత్తజాలని బరువు నొకదానిని ప్రతివానికిని నిర్ణయించి, అందు నూటికి 40, 70, 100 పాళ్ల బరువులను మూడు వర్గములచే ఎత్తించిరి. నాలుగవ వర్గమునకు వ్యాయామము లేదు. పిమ్మట, నీలిసిరాతో వ్రాసిన 'ఎఱుపు' అను మాటను చదువక సిరా రంగును మాత్రమే చెప్పుట వంటి పరీక్షలు పెట్టిరి. బరువు హెచ్చినకొలది గ్రహణవేగము హెచ్చినది. కాని మనస్సును నిగ్రహించి యోచించు శక్తికి మధ్యమ వ్యాయామమే మేలుచేసినది.

దీనికి కారణములు పెక్కులు. శ్రమించు కండరములలో పుట్టు లాక్టేటు మెదడునకు చేరి ఇంధనముగా ఉపకరించును. నాడీకణములను పోషించు ప్రోటీనులును హెచ్చునని భావింపబడుచున్నది. దీర్ఘకాల ఫలమునకు సాక్ష్యము వృద్ధులయందే బలముగా నున్నది. 2010లో ప్రకటింపబడిన వాంకూవర్ పరిశోధనలో 65-75 ఏండ్ల స్త్రీలు 155 మంది పాల్గొనిరి. వారిలో ఏడాదిపాటు వారమునకు ఒకటి రెండు మార్లు బలసాధన చేసినవారికి పైచెప్పిన రంగుల పరీక్షలో నూటికి సుమారు 11-13 పాళ్లు మెఱుగు కానవచ్చినది. యౌవనమున మేధాశక్తి సహజముగనే ఉచ్చస్థితి నుండుటచే లాభము స్వల్పముగా తోచును.

కట్టెలు మోయుట, వడ్లు దంచుట సాధన కాదా యని అడుగవచ్చును. అవి శ్రమయే, క్రమముగా భారము పెంచుచు, నడుమ విశ్రాంతియు తగిన ఆహారమును పొందినపుడే శ్రమ సాధన యగును. ఇందులకు యంత్రములు అవసరము లేదు. బస్కీలు, దండీలు చాలును. వారమునకు రెండు దినములైనను ఇట్టి వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది.

అయితే గడ్చిరోలి జిల్లాలో ఎఱ్ఱకణములు కొడవలి ఆకారము దాల్చు సికిల్‌సెల్ వ్యాధి కలదు. ఆ వ్యాధి గలవారికి నీరు చాలని ఎండలో తీవ్రశ్రమ ప్రాణాపాయము; దాని వాహకులకును అరుదుగా అట్లే సంభవించును. 40 ఏండ్ల లోపువారి రక్తపరీక్షకై 2023లో జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. కావున మొదట రక్తపరీక్ష, పిదప పుష్టికరమైన తిండి, ఆపై బరువు. ఈ వరుస తప్పినచో మేధ మాట యటుంచి, దేహమే నిలువదు.