ఆడపిల్ల వాటా, అయ్యగారి సంతకం

ఆ మధ్య పెదవేగి మండలంలో ఒక ఇంటి జ్ఞాపకార్థ కూడికకు వెళ్ళాను. ప్రార్థన ముగిసింది, భోజనాలు అయ్యాయి. పందిరి కింద కుర్చీలు మడతపెడుతుండగా పెద్ద కుమారుడు స్టాంపు పేపరు ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. "అయ్యగారూ, చెల్లెళ్ళిద్దరూ సంతకాలు పెట్టేశారు. సాక్షిగా మీదొక్కటి పెడితే అయిపోతుంది" అన్నాడు. కాగితం చదివాను. తండ్రిగారి ఆస్తిలో తమకు ఏ హక్కూ లేదని, పెళ్ళిళ్ళప్పుడే తమకు రావలసింది వచ్చేసిందని ఆ చెల్లెళ్ళు ఒప్పుకున్నట్టు రాసి ఉంది. వాళ్ళ వైపు చూశాను. చిన్నమ్మాయి తలెత్తలేదు.

నేను సంతకం పెట్టలేదు. ఇలా అంటున్నది గొప్ప కోసం కాదు. ఇరవై ఏళ్ళ కిందట ఇలాంటి కాగితం మీదే, చదవకుండా, సంతకం పెట్టినవాణ్ణి. అప్పటికి సేవకు కొత్త. పెద్దలు పెట్టమన్నారు, పెట్టాను. ఆరేళ్ళ తరువాత ఆ ఇంటి ఆడపడుచు భాగం కోసం దావా వేస్తే నాకు సమన్లు వచ్చాయి. బోనులో నిలబెట్టి వకీలు అడిగాడు: "మీరు ఈ కాగితం చదివారా?" లేదన్నాను. "ఆవిడ చదివారా?" తెలియదన్నాను. మన సంఘాల్లో సాక్ష్యం అనే మాటను ఎంత ధారాళంగా వాడతామో ఆ రోజు గుర్తొచ్చింది.

ఆ కాగితం చివరికి ఎందుకూ కొరగాలేదు. స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రం రిజిస్టరు కావాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఇంట్లో రాసుకుని పాస్టరుగారి చేత సంతకం పెట్టించినంత మాత్రాన హక్కు పోదు. ఆవిడకు ముందు ప్రిలిమినరీ డిక్రీ వచ్చింది, అంటే ఎవరి వాటా ఎంతో తేలింది. ఆ తరువాత అడ్వొకేట్ కమిషనర్ వచ్చి పొలం కొలిచాడు. ఇంకొన్నాళ్ళకు ఫైనల్ డిక్రీ. అప్పటికి వాళ్ళ అమ్మ లేదు. అన్నా చెల్లెలూ ఇప్పటికీ ఒకే ఆరాధనకు వస్తారు, చెరో పక్క కూర్చుంటారు.

ప్రియ పాఠకులారా, వీలునామా రాయకుండా చనిపోయిన క్రైస్తవుడి ఆస్తి ఎలా పంచాలో 1925 నాటి భారత వారసత్వ చట్టం స్పష్టంగా చెబుతుంది. భార్యకు మూడింట ఒక వంతు. మిగతా రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా. కొడుకు, కూతురు అనే తేడా లేదు. పెళ్ళయిందా లేదా అన్న ప్రశ్న లేదు. ఉదాహరణకు ఆరు ఎకరాల పామాయిలు తోట, భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారనుకుందాం. తల్లికి రెండు ఎకరాలు, పిల్లలకు తలా ఒక ఎకరం. భార్య ముందుగా చనిపోయి ఆస్తి ఆమె పేరున ఉంటే భర్తకూ ఇదే లెక్క.

"కట్నం ఇచ్చాం గదండీ" అంటారు. ఈ మాట వినని పాస్టరు గోదావరి జిల్లాల్లో ఉండడు. కట్నమే నేరమని 1961లో చట్టం వచ్చిన సంగతి పక్కన పెడదాం. తండ్రి బతికుండగా ఏ బిడ్డకైనా ఇచ్చిన డబ్బునూ ఆస్తినీ ఈ పంపకంలో లెక్కలోకి తీసుకోకూడదని అదే వారసత్వ చట్టంలోని 49వ సెక్షను చెబుతుంది. కూతురి పెళ్ళి ఖర్చు తీసెయ్యాలంటే కొడుకు చదువు ఖర్చు, వాడు హైదరాబాదులో పెట్టిన వ్యాపారానికి అమ్మిన అర ఎకరం కూడా తీసెయ్యాలి కదా! చట్టం రెండిటినీ తీయదు.

ఇది నిన్న మొన్న ప్రభుత్వం తెచ్చిన కొత్త పద్ధతి అనుకునేవారున్నారు. మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే, 1865 నాటి వారసత్వ చట్టం క్రైస్తవులకు ఇదే పంపకం చెప్పింది. అంతకు రెండేళ్ళ ముందు, 1863లో, ప్రివీ కౌన్సిల్ ఒక తగవు తీర్చింది. బళ్ళారిలో మాథ్యూ అబ్రహాం అనే క్రైస్తవుడు చనిపోతే ఆయన భార్య షార్లెట్‌కూ, తమ్ముడు ఫ్రాన్సిస్‌కూ ఆస్తి దగ్గర పేచీ వచ్చింది. మనది హిందూ ఉమ్మడి కుటుంబం లాంటిదే, కాబట్టి నాకు భాగం ఉంది అన్నాడు తమ్ముడు. ఆ వాదన నిలవలేదు. ఏ చట్టం వర్తిస్తుందో ఇలా కోర్టుకెక్కి తేల్చుకోవలసిన అవస్థను చాలావరకు తప్పించింది 1865 చట్టమే.

కేరళలోని తిరువాన్కూరులో మాత్రం 1916 నాటి స్థానిక చట్టం నడిచింది. అక్కడ వీలునామా లేకపోతే కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు, లేదా అయిదు వేల రూపాయలు, ఏది తక్కువైతే అది. మేరీ రాయ్ అనే ఉపాధ్యాయురాలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1986 ఫిబ్రవరిలో ఆ కథ ముగించింది. ఆ తీర్పు వచ్చిన రోజుల్లో కేరళ సంఘాల్లో పెద్ద అలజడి. మన దగ్గర ఎవరికీ పట్టలేదు. పట్టకపోవడానికి కారణం మనం అప్పటికే ఇస్తూ ఉండటం కాదు, ఎవరూ అడగకపోవడం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన సంఘాల్లో అనేకులు సంఘ రిజిస్టరులో క్రైస్తవులు, కుల ధ్రువీకరణ పత్రంలో హిందువులు. ఆస్తి తగవు వచ్చేసరికి ఎవరికి ఏది లాభమో అది బయటికి తీస్తారు. ఏ చట్టం వర్తిస్తుందో కోర్టు సాక్ష్యాన్ని బట్టి తేలుస్తుంది. అయితే కూతుర్ని తప్పించాలనే ఉద్దేశంతో హిందూ వారసత్వ చట్టం వైపు పరుగెత్తేవారు తెలుసుకోవలసింది ఒకటుంది. స్వార్జితంలో ఆ చట్టం 1956 నుంచే కూతురికి సమాన భాగం ఇచ్చింది. పిత్రార్జితంలో 2005 సవరణ ఇచ్చింది. అదే ఆరు ఎకరాలు తండ్రి స్వార్జితమై, ఆయన తల్లి కూడా లేకపోతే, ఈ లెక్కలో అయిదుగురికీ తలా ఎకరం ఇరవై సెంట్లు వస్తాయి. తగ్గేది తల్లి వాటా, కూతురిది కాదు.

మన చట్టంలో నన్ను బాధపెట్టే సంగతి కూడా చెప్పాలి. కొడుకు తండ్రికంటే ముందే చనిపోతే, మామగారి ఆస్తిలో ఆ కోడలికి వాటా లేదు. మనవలుంటే వాళ్ళ తండ్రి వాటా వాళ్ళకు వస్తుంది. పిల్లలు లేకపోతే ఆ అమ్మాయికి ఏమీ రాదు. హిందూ చట్టం ఆమెను వారసురాలిగా గుర్తిస్తుంది, మనది గుర్తించదు. రోడ్డు ప్రమాదాల్లో చిన్నవయసులోనే భర్తల్ని పోగొట్టుకున్న బిడ్డలు మన సంఘాల్లో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్ళకు మామగారి వీలునామా ఒక్కటే దారి.

వీలునామా అంటే మనవాళ్ళకు భయం. రాస్తే చావు దగ్గరపడుతుందని అనుకుంటారు, పునరుత్థానాన్ని నమ్మేవాళ్ళు కూడా! స్టాంపు పేపరు అక్కరలేదు, తెల్ల కాగితం చాలు. రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు గాని చేయిస్తే మంచిది. రాసినవారు సంతకం పెట్టాలి, దాన్ని చూసిన సాక్షులు ఇద్దరు సంతకాలు పెట్టాలి. క్రైస్తవులకు ప్రత్యేకంగా రెండు జాగ్రత్తలున్నాయి. వీలునామాలో ఆస్తి పొందే మనిషి గాని, ఆ మనిషి భార్య లేక భర్త గాని సాక్షిగా సంతకం పెడితే వీలునామా నిలుస్తుంది, వారికి రాసిన భాగం మాత్రం చెల్లదు. కూతురికి ఎకరం రాసి అల్లుడి చేత సాక్షి సంతకం పెట్టించారంటే ఆ ఎకరం పోయినట్టే. రెండోది, వీలునామా రాసిన తరువాత పెళ్ళి చేసుకుంటే అది రద్దవుతుంది. మలి పెళ్ళి చేసుకున్నవారు మళ్ళీ రాయాలి.

సంఘానికి ఆస్తి రాయవచ్చా అని అడుగుతుంటారు. దగ్గరి బంధువులున్న క్రైస్తవుడు మత, ధర్మ కార్యాలకు వీలునామా రాస్తే, రాశాక కనీసం ఏడాది బతికుండాలని పాత 118వ సెక్షను అడ్డుపడేది. జాన్ వల్లమట్టం అనే కేరళ ఫాదరు వేసిన కేసులో సుప్రీంకోర్టు 2003 జూలైలో దాన్ని కొట్టేసింది. కాబట్టి రాయవచ్చు. బిడ్డల నోరు కొట్టి రాయకండి, అంతే.

మన పెదవేగి నేలకు దస్తావేజులు కొత్త కాదు. పదిహేను వందల ఏళ్ళ పైబడిన శాలంకాయన రాజుల దాన శాసనాలు రాగిరేకుల మీద ఈ ఊళ్ళోనే దొరికాయి. యిర్మీయా అనాతోతులో పొలం కొన్నప్పుడు సాక్షుల్ని పిలిచి, వెండి తూచి ఇచ్చి, క్రయపత్రాన్ని మంటికుండలో దాయించాడు. పట్టణం శత్రువుల ముట్టడిలో ఉన్నా కాగితం పని మానలేదు. యోబు తన కుమార్తెలకు వారి సహోదరులతో పాటు స్వాస్థ్యమిచ్చాడు. ఈ వచనం మీద ప్రసంగం నేను విన్నది చాలా తక్కువ. చెప్పింది ఇంకా తక్కువ.

ఇప్పటికే తగవు మొదలైనవారికి ఒక మాట. స్త్రీలకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఏలూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. సంఘ పెద్దల ముందు కుదిరిన రాజీని కూడా అక్కడ పెట్టి ముద్ర వేయించుకోవచ్చు.

మొదట చెప్పిన ఇంట్లో ఆ కాగితం చించేశారు. పంపకం ఇంకా కాలేదు, పెద్దబ్బాయి నాతో మాట్లాడటం తగ్గించాడు. పోయిన నెల అదే వీధిలో ఉండే ఒక పెద్దాయన కబురు చేశారు, వీలునామాకు సాక్షిగా రమ్మని. ముందు చదవనివ్వండి అన్నాను. కూతుళ్ళ పేర్లున్నాయి. విధవరాలైన చిన్న కోడలి పేరుంది. చివర మా సంఘానికి పది సెంట్లు రాశారు. చట్టం అడ్డు చెప్పకపోయినా నేను సాక్షిగా ఉండటం బాగుండదన్నాను. ఎదురింటి రిటైర్డు మాస్టారినీ, పాల కేంద్రం నడిపే ఆయననూ పిలిచాము. వాళ్ళు కళ్ళజోళ్ళు తెప్పించుకుని, మొత్తం చదివి, అప్పుడు సంతకాలు పెట్టారు.