అది బద్ధకం కాకపోవచ్చు

"తెల్లవారుజామునే లేవండి, పనులన్నీ చీటీమీద రాసుకోండి" అంటారు. మీరు రాస్తారు. మధ్యాహ్నానికి ఆ చీటీయే కనబడదు! ఇంట్లోవాళ్ళు బద్ధకమంటారు.

ఏ.డి.హెచ్.డి. ఉన్నవారికి చేయవలసినది తెలియక కాదు; తెలిసిన పనిని మొదలుపెట్టడమే కష్టం. మెదడు ముందుభాగం చేసే అజమాయిషీలోనే తేడా ఉంటుంది. 25 నిమిషాలకోసారి గంట మోగించుకునే పద్ధతి కూడా కొందరికి బెడిసికొడుతుంది. ఎలాగో మనసు కుదిరాక గంట మోగితే పని మళ్ళీ మొదటికే!

"కరెంటు బిల్లు కట్టాలి" అనుకోకండి. బిల్లు తీసి బల్లమీద పెట్టండి, అంతే. సొరుగులో పెడితే అది లేనట్టే. పక్కన ఎవరైనా ఊరికే కూర్చున్నా చాలామందికి పని సాగుతుంది - తిట్టకుండా కూర్చుంటేనే సుమా!

ఈ లక్షణాలు 12 ఏళ్ళలోపే మొదలవుతాయి. నిన్నమొన్న వచ్చినవైతే థైరాయిడ్, నిద్రలేమి, కుంగుబాటు కారణం కావచ్చు. ఎలాగైనా మానసిక వైద్యునికి చూపించుకోండి. మందులున్నాయి, ఆయన రాసి ఇవ్వనిదే వాడకూడదు.